200 వచ్చినంత మాత్రాన లెక్క మొత్తం వచ్చినట్టు కాదు: కన్‌స్ట్రక్షన్ ఏపీఐలపై అపోహలు, వాస్తవాలు

బిల్డర్లు, కాంట్రాక్టర్లు వాడే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ల ఏపీఐలను (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరో సాఫ్ట్‌వేర్ డేటా తీసుకునే దారులను) పరీక్షించి, వాటికి డాక్యుమెంటేషన్ రాయడం నా పని. ఉండేది అనంతపురంలో. కర్నూలు, కడప వైపు నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. ఎవరు చేసినా చివరికి ఇదే మాట: "సార్, కనెక్ట్ అయింది, 200 కూడా వచ్చింది, కానీ లెక్క కలవట్లేదు."

అపోహ: సర్వర్ నుంచి 200 అనే కోడ్ వచ్చిందంటే డేటా అంతా వచ్చేసినట్టే.

వాస్తవం: మీరు అడిగినదానికి సర్వర్ సరిగా జవాబిచ్చిందని మాత్రమే 200 చెబుతుంది. ఆ జవాబులో మీ రికార్డులన్నీ ఉన్నాయని చెప్పదు. పెద్ద లిస్టులు దాదాపు ఎప్పుడూ పేజీలుగానే వస్తాయి. ప్రోకోర్ అనే కన్‌స్ట్రక్షన్ సాఫ్ట్‌వేర్ ఏపీఐనే తీసుకోండి. ఏ పేజీ కావాలో, పేజీకి ఎన్ని కావాలో మనమే అడగాలి. మొత్తం ఎన్ని రికార్డులున్నాయో రెస్పాన్స్ హెడర్‌లో (జవాబుతో పాటు వచ్చే అదనపు సమాచారంలో) 'టోటల్' అని వస్తుంది. ఆ హెడర్ వైపు చూసేవాళ్లు చాలా తక్కువ.

ఓర్వకల్లు దగ్గర ఒక సైట్‌లో జరిగింది చెబుతాను. సిమెంటు సప్లయర్ బిల్లులో బస్తాలు ఎక్కువున్నాయి, సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన రిపోర్టులో తక్కువున్నాయి. తేడా స్టోర్ కీపర్ మీద పడింది. ఆయన నాకు ఫోన్ చేసి, "అన్నా, నా చలాన్ బుక్కులో ప్రతి లోడూ ఉంది, ఒక్కసారి వచ్చి చూడన్నా" అన్నాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. వెళ్లి రిపోర్టు తెరిస్తే వరుసలు సరిగ్గా 100. బుక్కులో చలాన్లు 163. ఓనర్ ముందే పోస్ట్‌మన్ అనే, ఏపీఐలను పరీక్షించే సాఫ్ట్‌వేర్ తెరిచి, అదే రిక్వెస్ట్‌లో పేజీ నంబర్ 2 అని మార్చి పంపాను. మిగతా 63 వచ్చాయి. రిపోర్టు తీసే స్క్రిప్టు మొదటి పేజీ దగ్గరే ఆగిపోతోంది, అంతే. ఆ పాటికి ఆ మనిషి దొంగ అని సైట్ అంతా పాకిపోయింది. సాఫ్ట్‌వేర్ చెప్పిందని మనిషిని నిలదీసే ముందు, సాఫ్ట్‌వేర్‌ను ఏం అడిగారో చూడండి.

అందుకే ఏ ఏపీఐని పరీక్షించినా ముందు శాండ్‌బాక్స్‌లో (అసలు డేటాకు సంబంధం లేని పరీక్షా ఖాతాలో) ఒక పేజీలో పట్టనన్ని ఉత్తుత్తి రికార్డులు వేస్తాను. నాలుగైదు రికార్డులతో చేసిన డెమోలో ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. మీ రిపోర్టులో వరుసలు 20, 50, 100 అని రౌండ్ ఫిగర్ దగ్గర ఆగితే అక్కడే అనుమానించండి. పేజీలు లాగుతున్న సమయంలో సైట్‌లో ఎవరైనా కొత్త ఎంట్రీ వేస్తే వరుస జరిగిపోయి ఒక రికార్డు రెండుసార్లు రావచ్చు, పాతది డిలీట్ చేస్తే ఒకటి తప్పిపోనూ వచ్చు. ఏ వరుసలో ఇస్తారో, పాతవి ముందా కొత్తవి ముందా, డాక్యుమెంటేషన్‌లో రాసి లేకపోతే అది సగం డాక్యుమెంటేషనే.

అపోహ: తేదీ అంటే తేదీనే, దాంట్లో తేడా ఏముంటుంది?

మన దగ్గర ఎండాకాలంలో కాంక్రీటు రాత్రి పూటో, తెల్లవారుజామునో వేస్తాం. చాలా ఏపీఐలు టైమును యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఇస్తాయి. మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం. మే 1న తెల్లవారుజామున 4 గంటలకు వేసిన స్లాబ్ అక్కడ ఏప్రిల్ 30 రాత్రి 10:30 అని కనిపిస్తుంది. మార్చుకోకుండా తేదీ ఒక్కటే కత్తిరించి వాడితే ఆ పని వెనక నెల ఆర్‌ఏ బిల్లులోకి (జరిగిన పనికి ఎప్పటికప్పుడు పెట్టే బిల్లులోకి) పోతుంది. కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టుకు 28 రోజుల లెక్క కూడా ఒక రోజు తప్పుతుంది.

స్వాగర్ పేజీ (కోడ్ నుంచి దానంతటదే తయారయ్యే ఏపీఐ వివరాల పేజీ) ఉంటే డాక్యుమెంటేషన్ ఉన్నట్టే అనేవాళ్లకు ఒకటే ప్రశ్న: 'క్వాంటిటీ: నంబర్' అని ఉంటుంది కదా, ఆ నంబర్ బస్తాలా, టన్నులా? సిమెంటైతే టన్నుకు 20 బస్తాలు. కోడ్ నుంచి తయారైన పేజీకి ఆ సంగతి తెలియదు, ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

ఏపీఐ ఇస్తే మన రేట్లు పక్క కాంట్రాక్టర్‌కు తెలిసిపోతాయని ఒక పుకారు తిరుగుతోంది. ఎవరు పుట్టిస్తారో కానీ, విని విని విసుగొచ్చింది. టోకెన్‌కు (ఏపీఐలోకి వెళ్లడానికి ఇచ్చే, తాళంచెవి లాంటి కోడ్‌కు) ఏ అనుమతి ఇస్తే అదే కనిపిస్తుంది. ఓనర్ లాగిన్ కాకుండా వేరే అకౌంట్ తెరిచి, చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. అసలు ప్రమాదం ఆ టోకెన్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టడం, అది మాత్రం అందరూ చేస్తున్నారు.

ఇక బిల్లింగ్ ఇంజనీర్ల భయం. ఏపీఐ వస్తే ఉద్యోగం పోతుందని కడప నుంచి ఒక అబ్బాయి టెన్షన్‌తో అడిగాడు. ఎం బుక్‌లో (సైట్ కొలతలు రాసే పుస్తకంలో) కొలత తప్పుగా రాస్తే ఏపీఐ ఆ తప్పునే తీసుకెళ్తుంది. కొలత సరిగ్గా ఉందో లేదో చూసే మనిషి కావాల్సిందే.

జవాబు రాకుండా టైమవుట్ అయితే మళ్లీ పంపితే సరిపోతుందా? చదివే రిక్వెస్ట్‌కు పరవాలేదు. పర్చేజ్ ఆర్డర్ సృష్టించే రిక్వెస్ట్ అయితే మొదటిది లోపల నమోదయ్యే ఉండొచ్చు, మళ్లీ పంపితే ఆర్డర్లు రెండవుతాయి. ముందు వెతికి, లేకపోతేనే పంపాలి. 429 అనే కోడ్ వస్తే సర్వర్ పాడైనట్టు కాదు, మీరు మరీ వేగంగా అడుగుతున్నారని.

డబ్బు కట్టే ముందు సేల్స్ వాళ్లను సైట్ ఫొటోల గురించి అడగండి. చాలా ఏపీఐలు ఫొటోకు బదులు లింకు ఇస్తాయి, కొన్నింటిలో ఆ లింకు కొంతసేపటికే చెల్లకుండా పోతుంది. లింకులను ఎక్సెల్‌లో దాచుకుని ఫొటోలు మన దగ్గరే ఉన్నాయనుకోవద్దు. ట్రయల్‌లోనే నాలుగు ఫొటోలు డౌన్‌లోడ్ చేయించి, ఫైళ్లు తెరిచి చూసుకోండి.