నలభై అయిదు గంటల జర్మన్

డిగ్రీలో జర్మన్ ఎలక్టివ్ ఉందంటే తల్లిదండ్రులు సంబరపడతారు. లెక్క చూస్తే ఆ సంబరం నిలవదు. ఒక క్రెడిట్‌కు 15 గంటల పాఠం చొప్పున మూడు క్రెడిట్ల కోర్సుకు సెమిస్టర్ మొత్తం కలిపి 45 గంటలు. జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 ఎక్కడానికే మామూలుగా 80 గంటలు దాటుతుంది. జర్మనీలో నర్సుగా చేరాలంటే ఇంకా పై మెట్లు బీ1, బీ2 అడుగుతారు. జర్మన్ మార్కుల మెమోలో ఉంటుంది, పిల్లల నోట్లో ఉండదు.

మన దగ్గర విదేశీ భాషల చదువు మొదటి నుంచీ అవసరం వెనకాలే పరుగెత్తింది. 1958లో హైదరాబాద్‌లో పెట్టిన కేంద్ర సంస్థ ఇంగ్లిష్ కోసమే పుట్టింది. దాని పేరులో విదేశీ భాషలు చేరి 'సీఫెల్' అయింది 1972లో. ఇప్పటి ఇఫ్లూ అదే, 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం.

అప్పట్లో గిరాకీ రష్యన్‌కు. ఢిల్లీలో 1965లో రష్యన్ కోసమే ఒక సంస్థ పెట్టి, తర్వాత జేఎన్‌యూలో కలిపారు. హైదరాబాద్‌లో మందుల కర్మాగారం ఐడీపీఎల్, విశాఖ ఉక్కు రెండూ సోవియట్ సాయంతో వచ్చినవే. ఆ దేశంతో అంత పని ఉన్నప్పుడు ఆ భాష వచ్చినవాళ్లు కావాలి కదా. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ ఊపు తగ్గింది. ఐటీ వచ్చాక చూపు జర్మన్, జపనీస్ వైపు మళ్లింది. ఏ భాష పెట్టాలన్నది మారుతూ వచ్చింది కానీ, ఎన్ని గంటలు చెప్పాలన్నది ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 2001లో యూరప్ మండలి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలత ఇచ్చింది. వీసా దగ్గర, ఉద్యోగం దగ్గర అడిగేది ఆ మెట్టునే. మనం ఇంకా క్రెడిట్లే లెక్కపెడుతున్నాం.

ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. స్కోరింగ్ సబ్జెక్ట్ అని సీనియర్లు చెబితే తీసుకున్నాను. రెండేళ్లూ క్రియల పట్టికలు బట్టీ పట్టాను. ఒక్క క్యాసెట్టూ వినలేదు, ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు. మార్కులు మాత్రం తొంభై దాటాయి. డిగ్రీలో మళ్లీ ఫ్రెంచే తీసుకుంటే, కొత్తగా చేరినవాళ్లతో కలిపి కూర్చోబెట్టి 'బోంజూర్' నుంచి మొదలుపెట్టారు. రెండేళ్ల చదువు గంగలో కలిసింది. పక్కన కూర్చున్న అమ్మాయి నాకంటే బాగా పలికేది, ఆమెకు అది మొదటి వారం.

అవే మూడు క్రెడిట్లు ఒకే భాషకు ఆరు సెమిస్టర్లూ వరసగా ఇస్తే 270 గంటలవుతాయి. శ్రద్ధగా చదివేవాళ్లకు ఏ2 పూర్తవుతుంది. ఏ సెమిస్టర్ చివర ఏ మెట్టు అన్నది సిలబస్‌లోనే రాయాలి, మాట్లాడే పరీక్ష పెట్టాలి.

పాఠం ఇంగ్లిష్ మీదుగా చెప్పడం మన పిల్లలకు ఇంకో నష్టం. జపనీస్‌లో 'టోక్యో ని ఇకిమాస్' అంటే 'టోక్యోకి వెళ్తాను'. వాళ్ల 'ని' మన 'కి', మాట వెనకే వస్తుంది. క్రియ చివర్లో, తెలుగులో ఉన్నచోటే ఉంటుంది. ఇంగ్లిష్‌లో వాక్యం కట్టుకుని జపనీస్‌లోకి తిరగేసే పిల్లవాడికి ఆ సంగతి క్లాసులో ఎవరూ చెప్పరు.