లిస్టులో రొద ఎక్కడ పుట్టింది?

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ మీద మనసుపడ్డ విద్యార్థులు ఉత్సాహంగా చేసే పని ఒకటుంది: లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్రధాన మెయిలింగ్ లిస్టులో, అంటే ఒక చిరునామాకి రాస్తే సభ్యులందరికీ చేరే మెయిల్ చర్చలో, చేరడం. రోజుకు వెయ్యికి అటూఇటూగా మెయిళ్లు వచ్చిపడతాయి. పరీక్ష ఫీజు గడువు మెయిల్ ఆ గుట్టలో ఎక్కడుందో తెలియక, వారం తిరక్కుండానే బయటపడతారు. స్పామ్ ఎక్కువని సణుక్కుంటారు గానీ అందులో స్పామ్ తక్కువే. ప్రతి మెయిలూ ఎవరో ఒకరికి పనికొచ్చేదే, కాకపోతే అది మనం కాదు. ఏరుకునే పని ఎవరి నెత్తిన పడాలన్నదే మొదటినుంచీ తగువు.

1986కి ముందు, యూనివర్సిటీల కంప్యూటర్లను కలిపిన బిట్‌నెట్ నెట్‌వర్క్‌లో లిస్టులోకి పేరు చేర్చాలన్నా, తీసేయాలన్నా ఒక మనిషి కూర్చుని చేయాల్సిందే. ఆ ఏడాది ఎరిక్ తోమా రాసిన లిస్ట్‌సర్వ్ ఆ పనిని ప్రోగ్రాముకి అప్పగించింది. 1992లో అదే పని చేసే బ్రెంట్ చాప్‌మన్ ప్రోగ్రాము మేజర్‌డోమో వచ్చింది. ఆదేశాలకు ఒక చిరునామా, చర్చకు ఇంకోటి. కొత్తవాళ్లు 'అన్‌సబ్‌స్క్రైబ్' అన్న ఒక్క మాటని చర్చ చిరునామాకి పంపేవారు. అది వేలమందికి చేరేది. వాళ్లలో ఇద్దరు ముగ్గురు "ఇక్కడ కాదండీ" అని మళ్లీ అందరికీ రాసేవారు. మెయిల్‌లోనే బయటకు దారి చూపే లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ (మెయిల్ పైభాగంలో ప్రోగ్రాముల కోసం ఉండే వరుస) 1998లో ఆర్ఎఫ్‌సీ 2369 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంతో గానీ రాలేదు.

'రిప్లై' నొక్కితే జవాబు రాసినవారికి పోవాలా, లిస్టుకి పోవాలా అన్నది ఇప్పటికీ తెగని పేచీ. రిప్లై-టూ హెడర్‌లో లిస్టు చిరునామా పెడితే చర్చ అందరికీ కనబడుతుంది, ఒకరికి చాటుగా రాసిన మాట కూడా అందరి ముందూ పడుతుంది. సెలవులో ఉన్నవారి ఆటో-రిప్లై లిస్టుకి వస్తే అది మళ్లీ వారికే చేరి ఇంకో ఆటో-రిప్లైని లేపుతుంది. 'ప్రిసిడెన్స్: బల్క్' అన్న హెడర్ కనబడితే బుద్ధిగల ప్రోగ్రాములు నోరుమూసుకుంటాయి. ఈ మర్యాదలను 2004లో ఆర్ఎఫ్‌సీ 3834 రాతలో పెట్టింది.

మెయిళ్లన్నీ ఒకే కట్టగా పంపే డైజెస్ట్ డయలప్ రోజుల్లో వరమే: ఒక్కసారి కనెక్టయి దించుకుని, ఫోన్ పెట్టేసి తీరిగ్గా చదువుకోవచ్చు. తంటా అంతా జవాబు దగ్గరే. కట్ట మొత్తం కోట్ చేసి, సబ్జెక్టులో 'వాల్యూమ్ 45, ఇష్యూ 12' అని అలాగే వదిలేసి, కింద రెండు ముక్కలు రాస్తారు. ఇన్-రిప్లై-టూ హెడర్‌లో అసలు మెయిల్ ఐడీ బదులు కట్ట ఐడీ పడుతుంది కాబట్టి థ్రెడ్ (ఒకే చర్చలోని మెయిళ్ల వరస) తెగిపోతుంది.

1994 ఏప్రిల్‌లో ఇద్దరు అమెరికన్ లాయర్లు గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనను యూజ్‌నెట్ అనే అప్పటి చర్చావేదికలో వేల గ్రూపులకు వదిలారు. ఆ బాటలో వచ్చిన స్పామ్‌తో లిస్టులు ఒక్కొక్కటిగా తలుపులేసుకున్నాయి. 1999లో 1.0గా విడుదలైన గ్నూ మెయిల్‌మ్యాన్ అనే ప్రోగ్రాము వాడే లిస్టుల్లో, సభ్యులు కానివారి మెయిల్‌ని మోడరేటర్ దగ్గర ఆపడం మామూలైంది. చదువరికి హాయి, మోడరేటర్‌కి చాకిరీ. క్యూ రోజూ చూడకపోతే చెత్త మధ్య ఒక నికార్సైన బగ్ రిపోర్ట్ వారాల తరబడి మగ్గుతుంది. పైగా మెయిల్‌మ్యాన్ 2 నెలనెలా ఒకటో తేదీన సభ్యులకు పాస్‌వర్డ్ గుర్తుచేస్తూ మెయిల్ పంపేది, అదీ పాస్‌వర్డ్ బట్టబయలుగా!

అసలు దెబ్బ 2014 ఏప్రిల్‌లో తగిలింది. మా పేరుతో వచ్చిన మెయిల్ డీమార్క్ పరీక్షలో (పంపినది నిజంగా ఆ డొమైనేనా అని చూసేది) తప్పితే తిప్పికొట్టండని యాహూ ప్రకటించింది. లిస్టులేమో సబ్జెక్టు ముందు బ్రాకెట్లో పేరు తగిలిస్తాయి, అడుగున ఫుటర్ అతికిస్తాయి. ఆ పరీక్ష చూసే డీకిమ్ సంతకం (మెయిల్ దారిలో మారలేదని చూపేది) చెడడానికి ఆ మార్పు చాలు. యాహూ నుంచి ఒకరు రాస్తే జీమెయిల్ సభ్యులందరి దగ్గరా బౌన్స్, అంటే తిరుగుటపా. మెయిల్‌మ్యాన్ ఆ బౌన్సులను లెక్కపెట్టి, స్కోరు 5కి చేరగానే మెయిళ్లు ఆపేస్తుంది. అలా ఏ పాపం ఎరగని సభ్యులకు లిస్టు మూగబోయింది. దీనికి మందు రెండు రకాలు: 'ఫ్రమ్'లో లిస్టు చిరునామా పెట్టడం, లేదా మెయిల్‌ని ముట్టుకోకుండా సాగనంపడం. ప్యాచ్‌లు (కోడ్‌లో మార్పులు) తిరిగే లిస్టుకి మా ఓటు రెండోదానికే. ఫ్రమ్ మారిస్తే ప్యాచ్ రచయిత పేరు బదులు, కోడ్ చరిత్ర దాచే గిట్‌లో లిస్టు పేరు ఎక్కే ప్రమాదం ఉంది.

సబ్జెక్టులో ట్యాగ్ తీసేస్తే ఫిల్టర్ దేన్ని పట్టుకోవాలి? 2001లో ఆర్ఎఫ్‌సీ 2919 తెచ్చిన లిస్ట్-ఐడీ హెడర్‌ని. తెలుగు లోకలైజేషన్ చేసేవారికి ఇది మరీ అవసరం. తెలుగు సబ్జెక్టు సాధారణంగా బేస్64 వేషంలో, అంటే ఇంగ్లిష్ అక్షరాలూ అంకెల్లోకి మారి, ప్రయాణిస్తుంది. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు. 'నెల్లూరు'లో గుణింతాలూ పొల్లూ కలిపి 8 కోడ్‌లు, అంటే 24 బైట్లు. బేస్64 అయ్యాక 32 అక్షరాలు. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదని నియమం కనుక, ముందువెనకల గుర్తులు పోగా తెలుగుకి మిగిలేది 15 కోడ్‌ల చోటు. కాస్త పొడవైన సబ్జెక్టు ముక్కలుముక్కలవుతుంది. ముడి హెడర్‌లో 'ఒంగోలు' అని వెతికే ప్రోక్‌మెయిల్ అనే పాత ఫిల్టర్ ప్రోగ్రాము రూల్‌కి ఏమీ దొరకదు. సీవ్ అనే ఫిల్టర్ భాష అయితే విప్పి చూస్తుంది.

మెయిల్‌మ్యాన్ 2 నడిచేది పైథాన్ 2 మీద. దానికి 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. 2022లో పైథాన్ డెవలపర్ల చర్చలూ, గ్నోమ్ డెస్క్‌టాప్ చర్చలూ డిస్కోర్స్ అనే వెబ్ ఫోరమ్‌కి మారాయి. రొద కూడా వేరే దారులు వెతుక్కుంది. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగలో నాలుగు పుల్ రిక్వెస్టులకు (కోడ్ మార్పు చేర్చమనే అభ్యర్థనలకు) టీషర్టు అనగానే, రీడ్‌మీలో ఒక మాట మార్చి పంపినవి వెల్లువెత్తాయి. ఒక్కోటీ ఆ రిపాజిటరీని వాచ్ చేస్తున్నవారందరికీ ఒక్కో మెయిల్. నెల మొదట్లోనే నిర్వాహకులు రూల్ మార్చారు: ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని.

కెర్నెల్ మాత్రం మెయిల్‌ని వదల్లేదు. అక్కడ పని చేయాలంటే పెద్ద లిస్టులో చేరనక్కర్లేదు. కెర్నెల్ లిస్టుల మెయిళ్లు దాచే లోర్ ఆర్కైవ్‌లో 'లీ' (lei) అనే పనిముట్టుతో మనకు కావలసిన ఫైలు పేరున్న థ్రెడ్లు మాత్రమే దించుకోవచ్చు. ప్యాచ్ ఎవరికి పంపాలో సోర్స్‌లోనే ఉన్న గెట్-మెయింటైనర్ స్క్రిప్ట్ చెబుతుంది. ఫోన్‌లో జీమెయిల్ యాప్ నుంచి పంపొద్దు: అందులో హెచ్‌టీఎంఎల్ కలుస్తుంది, లిస్టు సర్వర్ తీసుకోదు. గిట్ సెండ్-ఈమెయిల్ ఆదేశం వాడండి. జీమెయిల్ అయితే పోర్ట్ 587, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్. ముందు మీకు మీరే పంపుకుని, వచ్చిన మెయిల్‌ని గిట్ ఏఎమ్ ఆదేశంతో కోడ్‌కి ఎక్కించి చూడండి. ట్యాబులు స్పేసులుగా మారితే ప్యాచ్ అక్కడే పట్టుబడుతుంది.