గోథిక్ నవల అంటే దయ్యాల కథ కాదు

ఈసారి కూడా మౌఖిక పరీక్షలో అదే జవాబు వచ్చింది. గోథిక్ నవల, అంటే పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో మొదలైన, భయమూ రహస్యమూ అల్లుకున్న నవల లక్షణాలు చెప్పమంటే, "పాడుబడిన కోట, అందులో దయ్యం, భయపడే అమ్మాయి మేడమ్" అని ఆ కుర్రవాడు గడగడా అప్పజెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను. ఫోన్లలో చేతులు మారే రెండు పేజీల నోట్సులో అలాగే ఉంటుంది మరి. చాలా ఏళ్లుగా పీజీ తరగతులకు ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్నాను. పిల్లల మార్కులనూ, మంచి పరిశోధనాంశాలనూ ఇంతగా పాడుచేసిన అపోహ మరొకటి చూడలేదు.

అపోహ: దయ్యం ఉంటేనే గోథిక్.

ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో ప్రచురించిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' తెరవండి. ఎంత వెతికినా అందులో నిజమైన దయ్యం ఒక్కటీ దొరకదు. కథానాయిక ఎమిలీ ఉడాల్ఫో కోటలోని ఒక గదిలో నల్లని పట్టుతెర తొలగించి చూసి, స్పృహ తప్పి పడిపోతుంది. ఏమి చూసిందో రచయిత్రి అప్పుడే చెప్పదు. వందల పేజీలు గడిచి నవల ముగింపుకు వచ్చాక గానీ తెలియదు, అది మైనపు బొమ్మ అని. కుళ్లిన శవంలా తయారైన ఆ బొమ్మను రోజూ చూడమని, ఆ వంశంలో ఒకప్పటి ప్రభువుకు మతగురువులు ప్రాయశ్చిత్తంగా విధించారట.

మరి ఆ కోటలో నిజంగా భయపెట్టేది ఏమిటి? ఒక కాగితం. ఎమిలీ మేనత్తకు బాగా ఆస్తి ఉందనుకుని ఆ కోట యజమాని మోంటోని ఆమెను పెళ్లాడతాడు. ఫ్రాన్సులో ఆమె పేరున ఉన్న భూములు తనకు రాసిమ్మంటాడు. ఆమె సంతకం పెట్టనంటుంది. బురుజులో బంధిస్తాడు. అక్కడే జబ్బుచేసి, చివరికి ఆ కోటలోనే చనిపోతుంది. భూములు ఎమిలీకి సంక్రమిస్తాయి, వాటితోపాటే ఆ సంతకం బెడదా వస్తుంది. కథాకాలం 1584 అని మొదటి వాక్యంలోనే ఉంది. కానీ చదివినవారిలో ఎందరో ఆనాటి ఇంగ్లండు స్త్రీలు. వాళ్ల చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ డబ్బూ నగలూ భర్తవి, ఆమె భూమి మీద అజమాయిషీ, రాబడీ కూడా భర్తవే. భార్య ఆస్తి భార్యదేనని అక్కడ గట్టిగా చెప్పిన చట్టం 1882లో గానీ రాలేదు. ఇది తెలియకుండా ఉడాల్ఫో చదివితే మిగిలేది మైనపు బొమ్మే.

ఒక విద్యార్థిని గుర్తొస్తోంది. దయ్యాల కథలంటే తనకు రాత్రిళ్లు నిద్రపట్టదనీ, ఈ పేపరు వదిలేస్తాననీ మొదటి వారమే కన్నీళ్లు పెట్టుకుంది. కొన్నాళ్లు కూర్చుని చూడమన్నాను. బురుజు ఘట్టం చెప్పిన రోజు అందరూ వెళ్లిపోయినా బెంచీ మీదే ఉండిపోయింది. "మా నాన్నమ్మ చేత కూడా ఇలాగే వేలిముద్ర వేయించుకున్నారు మేడమ్" అంది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరంన్నర పొలమట. వేలికంటిన సిరాను చీర కొంగుకు తుడుచుకుని, ఆ చీరను ఎన్నాళ్లో ఉతకనివ్వలేదట ఆవిడ. ఆ అమ్మాయి లఘు సిద్ధాంత వ్యాసం ఉడాల్ఫో మీదే రాసింది. నేను దిద్దినవాటిలో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

మరి తొలి గోథిక్ నవలగా చెప్పే 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'లో అతీంద్రియ శక్తి ఉంది కదా అంటారు. ఉంది. పెళ్లినాడే వారసుడి మీద బ్రహ్మాండమైన శిరస్త్రాణం పడి అతన్ని నలిపేస్తుంది. కానీ ఎందుకు పడిందో కూడా చూడాలి. ఆ వంశంలో తాత అసలు ప్రభువుకు విషం పెట్టి, దొంగ వీలునామాతో రాజ్యం కాజేశాడు. అక్కడా కాగితమే. 1764 చివర్లో వచ్చిన ఆ నవలను హోరెస్ వాల్‌పోల్ తన పేరుతో వేసుకోలేదు. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని నమ్మించాడు. మరుసటి ఏడు రెండో ముద్రణలో ఒప్పుకుని, 'ఎ గోథిక్ స్టోరీ' అన్న ఉపశీర్షిక చేర్చాడు. గోథిక్ అంటే భయానకం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మూలంలో అది 410లో రోమ్‌ను కొల్లగొట్టిన జాతి పేరు. మధ్యయుగపు కట్టడాలను ఈసడించడానికి తర్వాతి ఇటలీవారు ఆ పేరు వాడారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మేరీ షెల్లీ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది వికృత ప్రాణిని సృష్టించినవాడి పేరు. వాడు సృష్టించిన ప్రాణికి పేరే లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ డాక్టరూ కాదు, ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆ నవలను మేరీ కాదు, ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ రాశాడన్న పుకారు ఇంకా తిరుగుతోంది, వింటే ఒళ్లు మండుతుంది. 1818లో రచయిత పేరు లేకుండా వచ్చింది, ముందుమాట పెర్సీ రాశాడు, అంతవరకే నిజం. మేరీ చేతిరాత ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో పెర్సీవి దిద్దుబాట్లూ, అక్కడక్కడా చేర్చిన మాటలూ మాత్రమే.

ఎండ తగిలితే డ్రాకులా చస్తాడన్నది 1922 నాటి 'నోస్ఫెరాటు' సినిమా తెచ్చింది. 1897 నాటి నవలలో అతను పట్టపగలు లండన్ వీధిలో కనిపిస్తాడు. మన బేతాళుడు రక్తపిపాసి అని రాసేవాళ్లు, 1870లో రిచర్డ్ బర్టన్ విక్రమార్కుడి కథలకు పెట్టిన 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అన్న ఇంగ్లీషు పేరును పట్టుకుని రాస్తున్నారు. చెట్టుకు వేలాడే శవంలో చేరి, రాజు భుజం మీద కథ చెప్పి, చిక్కుప్రశ్న వేసేవాడు మన బేతాళుడు. అతన్ని డ్రాకులా పక్కన నిలబెట్టే ముందు ఆ కథలు ఒక్కసారి చదవండి.

ఈ పేపరు తీసుకోవాలా అని భయపడుతున్నవాళ్లు ఉడాల్ఫోలో మేనత్త ఘట్టంతో మొదలుపెట్టండి. పగలే చదవండి, ఇద్దరు కలిసి చదువుకున్నా సరే. నల్ల తెర దగ్గరకు వచ్చేసరికి దాని వెనక ఏముందో మీకు ముందే తెలిసి ఉంటుంది.