తొట్టెలకు ముందు చూడాల్సినది

కాన్పు గది తలుపు తెరవగానే అమ్మమ్మ అడిగే మాట ఒకటే: "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" వరంగల్‌లోనైనా, జమ్మికుంటలోనైనా అంతే. ఎప్పుడో ఒకసారి, బిడ్డ జననాంగాలు చూసి తేల్చలేక, నర్సు దగ్గర వెంటనే జవాబు ఉండదు. అది బిడ్డ తప్పూ కాదు, తల్లి గ్రహణం నాడు చేసిన పనీ కాదు.

కడుపులో ఆరు వారాల దాకా మనమందరం ఒకే తీరుగా ఉంటాం. గర్భసంచిగా మారగల నాళాలు, వీర్యనాళాలుగా మారగల నాళాలు రెండూ ప్రతి పిండంలో ఉంటాయి. సాధారణంగా మగవాళ్లలో ఉండే వై క్రోమోజోము మీది ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పని మొదలుపెడితే వృషణాలు తయారవుతాయి. 1990లో దీన్ని గుర్తించారు. ఆ తర్వాత పని హార్మోన్లది. ఈ వరుసలో ఎక్కడ మార్పు వచ్చినా శరీరం మరో తీరుగా రూపుదిద్దుకుంటుంది.

మన దగ్గర ముందుగా తెలుసుకోవాల్సింది అడ్రినల్ గ్రంథుల సమస్య. మూత్రపిండాల మీద ఉండే ఈ గ్రంథుల్లో ఒక ఎంజైము లోపిస్తే మగ హార్మోన్లు ఎక్కువగా తయారవుతాయి. అప్పుడు గర్భసంచి, అండాశయాలు ఉన్న ఆడబిడ్డ కూడా బయటికి మగబిడ్డలా కనిపించవచ్చు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 15,000 కాన్పుల్లో ఒకరికి ఇది వస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది కాబట్టి మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. "మొగపిల్లగాడే" అన్న బిడ్డకు రెండు వైపులా వృషణాలు చేతికి తగలకపోతే, ఇంటికి పంపే ముందే పరీక్ష చేయించాలి.

మరో కథ పదహారేళ్లకు బయటపడుతుంది. అమ్మాయి పెద్దమనిషి కాలేదని ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎక్స్‌వై క్రోమోజోములున్నాయని, గర్భసంచి లేదని తేలుతుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఉన్నా దాని మాట ఆమె కణాలకు వినపడదు. రిపోర్టు చూసి ఆమెను "మగవాడు" అనడం విజ్ఞానం కాదు, క్రూరత్వం. ఇలాంటి వాళ్లలో చాలామంది తమను స్త్రీలుగానే ఎరుగుదురు. డొమినికన్ రిపబ్లిక్‌లో మాత్రం ఇంకో తీరు కనిపించింది: ఆడపిల్లలుగా పెరిగిన ఎక్స్‌వై పిల్లలు యుక్తవయసులో శరీరం మారాక చాలావరకు మగవాళ్లుగా బతికారని 1974లో ఒక అధ్యయనం వెలువడింది. కాబట్టి క్రోమోజోము ఒక్కటే, పెంపకం ఒక్కటే "నేనెవరు" అన్నది తేల్చలేవు.

ఇక్కడే మనం ఒక పొరపాటు చేస్తాం. వేములవాడలో శ్రీరామనవమి నాడు రాజన్నను పెళ్లాడే వాళ్లలో హిజ్రాలూ ఉంటారు. వాళ్లనూ, ఇలా పుట్టిన పిల్లలనూ ఊళ్లో ఒకే తిట్టుమాటతో పిలుస్తారు. నిజానికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో అత్యధికులకు పుట్టుకతో ఇలాంటి శరీరభేదం ఉండదు. ఈ భేదంతో పుట్టిన వాళ్లలో ఎక్కువమంది, పెంచిన లింగంలోనే ఇమిడిపోతారు. ఈ శరీరభేదంతో పుట్టి, ట్రాన్స్‌జెండర్ కూడా అయిన మనుషులూ ఉన్నారు. వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

అందుకే పసికందుకు కోత పెట్టి "సరిచేయడం" నాకు అన్యాయంగా తోస్తుంది. ప్రాణాపాయం ఉంటే తప్ప అలాంటి ఆపరేషన్లు వద్దని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది. పిల్ల పెరిగి తన మాట తాను చెప్పేదాకా కత్తి ఆగగలదు.

ఆగలేనిది ఉప్పు. అడ్రినల్ లోపంలో శరీరం ఉప్పును పట్టి ఉంచలేక, రెండో మూడో వారంలో బిడ్డ వాంతులతో వాడిపోతుంది. మందులు సమయానికి అందితే బతుకుతుంది. మనం ఇరవై ఒకటో రోజు తొట్టెల చేసి పేరు పెడతాం. ఆ పేరు ఇంకో నెల ఆగినా ఏమీ కాదు. సోడియం, హార్మోను పరీక్షలు మాత్రం తొట్టెల దాకా ఆగకూడదు.