ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఖర్చులు, పన్నులు: అపోహలు - వాస్తవాలు

"కంపెనీ పెట్టడానికి ఎంతవుతుంది సార్?" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. పెట్టాక ఏటా ఎంతవుతుందని అడిగేవాళ్లు మాత్రం అరుదు. నిజానికి పెట్టడం పెద్ద ఖర్చేం కాదు. కనీసం లక్ష రూపాయల మూలధనం ఉండాలన్న రూలు 2015లోనే పోయింది, 15 లక్షల లోపు అధీకృత మూలధనానికి (కంపెనీ వాటాలుగా జారీ చేయగల గరిష్ఠ మొత్తానికి) కేంద్రం రిజిస్ట్రేషన్ ఫీజు కూడా తీసుకోదు. స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకాలు, చేసిపెట్టేవాళ్ల ఫీజు, అంతే. అసలు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది.

అపోహ: బిజినెస్ ఇంకా మొదలవలేదు కాబట్టి కట్టేదేమీ లేదు.

నేను చూసినంతలో ఎక్కువమందిని ముంచింది ఈ నమ్మకమే. కంపెనీకి రూపాయి ఆదాయం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, దీనికి టర్నోవర్ పరిమితి అంటూ ఏదీ లేదు. మార్చితో ఏడాది ముగిస్తే సెప్టెంబర్ 30 లోపు వార్షిక సమావేశం జరగాలి, అది జరిగిన 30 రోజుల్లో లెక్కల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7ఏ వేయాలి. ఇవి కాక ఆదాయపు పన్ను రిటర్ను వేరే. కంపెనీల రిజిస్ట్రారుకి (ఆర్‌ఓసీ) ఇచ్చే ఈ ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు, దానికి గరిష్ఠ పరిమితి లేదు.

ఇద్దరు స్నేహితులు యాప్ చేద్దామని కంపెనీ పెట్టారు, ఆ ఆలోచన ముందుకు సాగలేదు, ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి, కంపెనీ సంగతి మర్చిపోయారు. నా దగ్గరికి వచ్చేసరికి మూడేళ్ల రిటర్నులు బాకీ. మొదటి ఏడాదివి సుమారు మూడేళ్లు ఆలస్యం, రెండో ఏడాదివి రెండేళ్లు, మూడో ఏడాదివి ఒక ఏడాది, అంటే మొత్తం 2,190 రోజులు, రెండు ఫారాలకు కలిపి రోజుకు 200 చొప్పున 4,38,000 రూపాయలు. ఒక్క బిల్లు కూడా కొట్టని కంపెనీకి! ఆ అంకె విన్నాక వాళ్లలో ఒకబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు, నాకూ ఏం చెప్పాలో తోచలేదు. పైగా వరసగా మూడేళ్లు రిటర్నులు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు, 2017లో ఈ కారణంతోనే దేశం మొత్తమ్మీద మూడు లక్షలకు పైగా డైరెక్టర్లు అనర్హులయ్యారు. 2020లో వచ్చినట్టు ఆలస్య రుసుము మాఫీ పథకం మళ్లీ వస్తుందేమోనని ఎదురుచూడకండి. కంపెనీ నడపలేమని తెలిసిన రోజే మూసేయండి, దాని ప్రభుత్వ ఫీజు 10,000. కాకపోతే సాధారణంగా బాకీ రిటర్నులు సరిచేశాకే ఆ దరఖాస్తు ముందుకు కదులుతుంది.

ఏమీ నడవని కంపెనీకి కూడా ఆడిటుకీ రిటర్నులకీ కలిపి ఏడాదికి పాతిక ముప్పై వేలు పక్కన పెట్టుకోమని నేను ముందే చెప్తాను. ఇంకోటి, కంపెనీ నమోదైన 180 రోజుల్లోపు మూలధనం డబ్బు బ్యాంకులో వేసి, వ్యాపారం మొదలుపెడుతున్నామని చెప్పే ఐఎన్‌సీ-20ఏ ఫైల్ చేయాలి. చాలామంది మర్చిపోయే ఫారం ఇది, కంపెనీ మీద పడే జరిమానా 50,000.

అపోహ: 12 లక్షల వరకు పన్ను లేదట కదా, కంపెనీకీ అంతే.

కాదు. ఆ రిబేటు వ్యక్తులకు. కంపెనీకి శ్లాబులు లేవు, మొదటి రూపాయి లాభం నుంచే పన్ను. 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌చార్జీ, సెస్సు కలిపి 25.168 శాతం అవుతుంది. ఆ రేటు కూడా దానంతటదే రాదు, గడువులోగా ఫారం ఇచ్చి ఎంచుకోవాలి.

ఇక్కడే చాలామంది చేతికొచ్చే డబ్బు పోగొట్టుకుంటున్నారు. కంపెనీకి 12 లక్షలు మిగిలాయనుకుందాం. అది లాభంగా అలాగే వదిలేస్తే పన్ను 3,02,016. మిగిలినది డివిడెండుగా, అంటే వాటాదారులకు పంచే లాభంగా తీసుకుంటే మీ ఆదాయంలో కలిపి మళ్లీ లెక్క వేస్తారు, 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను వాటాదారుడిదే. అదే డబ్బు, మీరు కంపెనీలో నిజంగా పనిచేస్తూ జీతంగా తీసుకుంటే కంపెనీకి అది ఖర్చు. మీకు వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల జీతం వరకు పన్ను పడదు. అయితే జీతం నెలనెలా బ్యాంకు ద్వారా రావాలి, బోర్డు తీర్మానం ఉండాలి. మార్చి 31న కూర్చుని కాగితం మీద రాసుకునే జీతం గురించి నన్ను అడగకండి, నేను చేయను.

అపోహ: వందశాతం వాటా మా ఇంట్లోవాళ్లదే, కాబట్టి ఖాతాలో డబ్బు మాదే.

చట్టం దృష్టిలో కంపెనీ వేరే మనిషి. అమ్మాయి పెళ్లికో ఇంటి స్లాబుకో కంపెనీ ఖాతాలోంచి తీసి, పుస్తకాల్లో డైరెక్టరుకి అప్పు అని రాస్తే రెండు చిక్కులు. ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్లకు అప్పివ్వాలన్నా కంపెనీల చట్టం షరతులు పెడుతుంది, అవి తీరకపోతే ఇవ్వకూడదు. దానికి తోడు, 10 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్లు తీసుకున్న ఆ అప్పును, కంపెనీలో పోగైన లాభాల మేరకు, పన్ను శాఖ డివిడెండుగానే చూస్తుంది. తర్వాత తిరిగి కట్టేసినా ఆ పన్ను పోదు.

అపోహ: లిమిటెడ్ అంటే నా ఆస్తికి ఢోకా లేదు.

బ్యాంకు లోను తీసుకునేటప్పుడు మీచేత వ్యక్తిగత హామీ సంతకం పెట్టించుకుని ఉంటారు, ఒకసారి ఆ కాగితాలు తీసి చూడండి. కంపెనీ నుంచి వసూలు కాని పన్ను బకాయిలు కూడా, మీ నిర్లక్ష్యం లేదని మీరు నిరూపించుకోలేకపోతే, మీ మీదికి రావచ్చు.

అపోహ: స్టార్టప్ గుర్తింపు వస్తే మూడేళ్లు పన్ను లేదు. గుర్తింపు ఒకటి, పన్ను మినహాయింపు మరొకటి. రెండోదానికి విడిగా దరఖాస్తు చేసి ధ్రువపత్రం తెచ్చుకోవాలి, గుర్తింపు ఉన్న అందరికీ అది రాదు.

వృత్తి పన్ను గురించి కూడా ఒక మాట. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉద్యోగుల జీతంలోంచి నెలకు 200 వరకు కట్ చేసి కట్టడం అందరికీ గుర్తుంటుంది, కంపెనీ తన తరఫున ఏడాదికి కట్టాల్సిన 2,500 మాత్రం నోటీసు వచ్చాకే గుర్తొస్తుంది.

ఇంత ఖర్చు వద్దనుకునే ఇద్దరు ముగ్గురు భాగస్వాములకు, బయటి పెట్టుబడి తెచ్చే ఆలోచన లేకపోతే, నేను ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) చూడమంటాను. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటకపోతే ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. పన్ను రేటు 30 శాతం, పైన సెస్సు, కానీ పన్ను కట్టాక భాగస్వాములు పంచుకునే లాభం మీద మళ్లీ పన్ను లేదు. దానికీ మే 30న ఫారం 11, అక్టోబర్ 30న ఫారం 8 ఉంటాయి, వ్యాపారం నడిచినా నడవకపోయినా.