శాన్ హువాన్ బౌటిస్టా మట్టి కట్టడాలు, రాంచోలు: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలోని శాన్ బెనిటో కౌంటీలో, రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న శాన్ హువాన్ బౌటిస్టా అనే చిన్న ఊళ్లో, 1797లో స్పెయిన్ క్రైస్తవ మతప్రచారకులు స్థాపించిన మిషన్ (చర్చి ఉన్న మత కేంద్రం), 1840 ప్రాంతంలో కట్టిన కాస్ట్రో ఇల్లు, 1858 నాటి ప్లాజా హోటల్ ఒకే మైదానం చుట్టూ నిలిచి ఉన్నాయి. మట్టి కట్టడాల పరిరక్షణ నా వృత్తి కావడం వల్ల, ఇటువంటి ఊళ్లు చూసి వచ్చినవారి మాటల్లో కొన్ని అపోహలు నాకు పదే పదే ఎదురవుతుంటాయి.

అపోహ: మట్టి గోడ వానకు కరిగిపోతుంది, సిమెంటు పూస్తేనే నిలుస్తుంది.

వాస్తవం: ఇక్కడి గోడలు అడోబీవి. బంకమన్ను, ఇసుక, గడ్డి కలిపి తొక్కి, చెక్క అచ్చుల్లో పోసి ఎండబెట్టిన ఇటుకే అడోబీ. మన పల్లెల్లో పాత ఇళ్లకు వాడిన పచ్చి ఇటుక లాంటిదే. నేల చెమ్మ తగలని పునాది, బాగా ముందుకు చాచిన చూరు, ఎప్పటికప్పుడు వేసే సున్నం ఈ గోడను కాపాడతాయి. సున్నపు పూత లోపలికి చేరిన తడిని తిరిగి ఆవిరై పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. నేల నుంచి ఎక్కిన చెమ్మ సిమెంటు వెనక చిక్కుకుపోవడంతో మట్టి మెత్తబడి, ఉప్పు పేరుకుని, గోడ అడుగుభాగం లోలోపలే గుల్లబారుతుంది. పైకి మాత్రం అది నున్నగా, గట్టిగా కనిపిస్తూనే ఉంటుంది. ఎవరో మంచి ఉద్దేశంతో వేసిన పూతను ఊడదీసినప్పుడు, లోపలి మట్టి పిండిలా రాలడం చూస్తే ఇన్నేళ్ల తరువాత కూడా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: భూకంపాల నేలపై మట్టి ఇల్లు ఉంచడమే తప్పు.

వాస్తవం: భూకంపాలకు మూలమైన శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అనే భూమి పగులు, మిషన్ పక్కనే, దిగువ గట్టు వెంబడి సాగుతుంది. 1906 భూకంపంలో చర్చి పక్క గోడలు కూలాయి, వాటిని 1976లో పునరుద్ధరించారు. అయితే అదే మైదానంలోని కాస్ట్రో ఇల్లు నేటికీ ఉంది. మట్టి గోడ చిన్న కుదుపుకే పగులుతుంది, కానీ ఎత్తుకు తగిన మందం ఉంటే పగిలిన తరువాత కూడా తన బరువు మీద తాను నిలబడగలదు. అసలు ప్రమాదం గోడ పైభాగం కప్పు నుంచి విడిపోయి బయటికి ఒరగడంలో ఉంది. 1990లలో గెటీ పరిరక్షణ సంస్థ నమూనా ఇళ్లను కంపన వేదికలపై ఊపి పరీక్షించి, గోడ తలను కప్పుతో బిగించడం, పట్టీలతో కట్టడం, గోడలో నిలువు కడ్డీలు దించడం వంటి స్వల్ప మార్పులే కూలడాన్ని చాలావరకు అడ్డుకోగలవని చూపింది. గోడంతా కూల్చి కాంక్రీటుతో కట్టమనే సలహా విన్నప్పుడల్లా నేను ముందు ఈ పరీక్షల గురించే చెబుతాను.

అపోహ: కప్పు పెంకులను తొడలపై వంచి చేశారు.

వాస్తవం: ఇది ప్రచారంలో ఉన్న కథ మాత్రమే. పెంకులను చెక్క అచ్చులపై వంచి, ఆరబెట్టి, ఆవంలో కాల్చారు. చర్చి నేల పలకల్లో కొన్నింటిపై ఆరబెట్టేటప్పుడు జంతువులు తొక్కిన అడుగుజాడలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అపోహ: అమెరికా జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కితే యజమాని మేకు కూడా కొట్టలేడు.

వాస్తవం: ఆ జాబితా ఒక్కటే సొంత డబ్బుతో మార్పులు చేసుకునే యజమానిని నిరోధించదు. ఆంక్షలు ఉంటే సాధారణంగా రాష్ట్ర లేదా స్థానిక నిబంధనల వల్లే ఉంటాయి.

అపోహ: రాంచోలంటే స్పెయిన్ ప్రభువుల ఎర్ర పెంకుల భవంతులు.

వాస్తవం: రాంచోల్లో అధికభాగం మెక్సికో పాలనలో, ముఖ్యంగా 1834 నుంచి మిషన్ల ఆస్తులను విడగొట్టిన తరువాత ఇచ్చిన పశువుల మేత భూములు. తోళ్లు, కొవ్వు వాటి ప్రధాన సరుకులు. అమెరికా పాలన వచ్చాక, 1851 చట్టం ప్రకారం హక్కులను నిరూపించుకోవలసి రావడంతో, ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యాల ఖర్చులకే అనేక కుటుంబాలు భూములు పోగొట్టుకున్నాయి. ఊరి పక్కనున్న శాన్ హుస్టో రాంచో 1855లో గొర్రెల పెంపకందార్ల చేతికి వెళ్లింది. అందులో కొంత భాగం 1868లో విడిపోయి హాలిస్టర్ పట్టణమైంది.

ఈ కట్టడాల వెనకనున్న శ్రమలో ప్రధాన భాగం ముట్సున్ తదితర స్థానిక ప్రజలది. ప్లాజా హోటల్ కింది అంతస్తు 1814లో సైనికులకు కట్టిన మట్టి గదులే. 1868లో లేచిన ప్లాజా హాలుకు, అవివాహిత స్థానిక యువతులను ఉంచిన పాత వసతి కట్టడపు ఇటుకలనే వాడారు. చర్చి పక్క శ్మశానంలో నాలుగు వేలకు పైగా స్థానికులను పూడ్చిపెట్టారు. వారి వారసులైన ఆమా ముట్సున్ ప్రజలు నేటికీ ఉన్నారు.