ఉపవాసమా, ఈటింగ్ డిజార్డరా? భక్తి ఉన్న ఇళ్ళల్లో నేను వినే అపోహలు - వాస్తవాలు

నేను సైకియాట్రిస్ట్‌ని, ఈటింగ్ డిజార్డర్ (తినే తీరే దెబ్బతినే మానసిక జబ్బు) కేసులు ఎక్కువగా చూస్తుంటాను. దైవభక్తి బాగా ఉన్న ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మా దగ్గరికి చాలా లేటుగా వస్తారు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళకి అది జబ్బులా అనిపించదు, పైగా నలుగురూ మెచ్చుకుంటుంటారు కూడా.

అపోహ: "మా అమ్మాయికి భక్తి ఎక్కువండీ, అందుకే సరిగ్గా తినదు."

వాస్తవం: నిజంగా భక్తే అయ్యుండొచ్చు. ఉపవాసం ఉండటం జబ్బు కాదు, అది ముందే చెప్పేస్తున్నా, మళ్ళీ నన్ను తిట్టుకోవద్దు. నేను చూసేది ఎన్ని రోజులు ఉన్నారన్నది కాదు, విరమించే టైమ్‌కి ఏమవుతోందన్నది. మామూలుగా ఉపవాసమున్నవాళ్ళు టైమ్ అవ్వగానే అందరితో కూర్చుని తింటారు, తిన్నాక ఆ సంగతే మర్చిపోతారు. జబ్బున్న మనిషికి ఆ టైమ్ దగ్గరపడుతుంటేనే భయం. ఇంకో పూట పొడిగిస్తారు, క్యాలెండర్‌లో లేని ఉపవాసాలు కొత్తకొత్తగా పుట్టుకొస్తాయి, తినగానే బాత్రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకునే చప్పుడు వినపడకుండా ట్యాప్ తిప్పేస్తారు, వెయింగ్ మెషిన్ రోజూ పదిసార్లు ఎక్కుతారు.

నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. "మీ మతపెద్దే పిలిచి, ఈసారి నీకు ఉపవాసం వద్దమ్మా, తప్పేం లేదు, తిను అంటే ఎలా అనిపిస్తుంది?" భక్తితో చేసేవాళ్ళు అయ్యో ఈసారి మిస్ అయిపోతానే అని బాధపడతారు. ఒకమ్మాయి మాత్రం చాలాసేపు ఏం మాట్లాడకుండా డ్రెస్ చేతులు వేళ్ళదాకా లాక్కుంటూ కూర్చుంది, చివరికి "మరి లావైపోతే?" అంది. ఆ జవాబులో దేవుడి ఊసే లేదు. పక్కనే ఉన్న వాళ్ళమ్మగారికి ఇక నేను విడిగా ఏం చెప్పక్కర్లేకపోయింది.

అపోహ: "నమ్మకం గట్టిగా ఉన్నవాళ్ళకి ఇలాంటివి రావు, ఇవన్నీ ఈ కాలం ఫ్యాషన్ రోగాలు."

వాస్తవం: లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బుకి అనోరెక్సియా నెర్వోసా అన్న పేరు విలియం గల్ అనే ఇంగ్లిష్ డాక్టర్ 1870ల్లోనే పెట్టాడు, అప్పటికి ఫ్యాషన్ షోలూ లేవు ఫోన్లూ లేవు. ఇక నమ్మకం సంగతంటారా, 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ మీద ఆకలి గురించి ఒక ప్రయోగం చేశాడు. వాళ్ళు యుద్ధంలో చంపడం మా మనస్సాక్షికి విరుద్ధం అని ఆయుధం పట్టనన్నవాళ్ళు, చాలామంది శాంతిని బోధించే చర్చిల నుంచి వచ్చినవాళ్ళే, అంటే విశ్వాసం తక్కువైన బ్యాచ్ అయితే కాదు. ఆరు నెలలు తిండి బాగా తగ్గించేసరికి వాళ్ళకి పొద్దస్తమానం తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు చదువుకోవడం, ఉన్న కాస్త తిండినీ గంటలకొద్దీ తినడం, చిరాకు, డిప్రెషన్, ఎవరితోనూ కలవకపోవడం, తర్వాత తిండి పెట్టినా కొందరికి ఎంత తిన్నా ఆగలేకపోవడం. మెదడుకి తిండి అందకపోతే ఇలాగే అవుతుంది, ఎంత ప్రార్థించే మనిషికైనా సరే.

అపోహ: "మనిషి బాగానే ఉన్నాడుగా, ఎముకలేం తేలలేదు."

వాస్తవం: బులీమియా (అతిగా తినేసి, లావవుతామని వాంతి లాంటివి చేసుకోవడం), బింజ్ ఈటింగ్ (అదుపు లేకుండా అతిగా తినేయడం) ఉన్నవాళ్ళు మామూలు బరువులోనో ఎక్కువ బరువులోనో ఉంటారు చాలావరకు. అనోరెక్సియా లక్షణాలన్నీ ఉండి బరువు మాత్రం మామూలుగా ఉన్నవాళ్ళూ ఉంటారు. మగపిల్లలకీ వస్తుంది. వేళ్ళ కణుపుల మీద కాయలు, దవడల దగ్గర వాపు, పళ్ళ ఎనామెల్ అరిగిపోవడం, ఎప్పుడూ చలి, పీరియడ్స్ ఆగిపోవడం, ఇవి చూడండి. బరువు కాదు.

అపోహ: "మొక్కుకున్నాక మధ్యలో ఆపితే పాపం."

వాస్తవం: నేను మత పండితుణ్ణి కాదు, కానీ ఇంతమందితో మాట్లాడాక కొన్ని తెలిశాయి. అసలేమీ తిననివాడికి యోగం సిద్ధించదని భగవద్గీత 6వ అధ్యాయం 16వ శ్లోకంలోనే ఉంది. హిందూ వ్రత నియమాల్లో వ్రతభంగం కానివాటి లిస్టులో ఔషధం, గురువు మాట రెండూ ఉన్నాయి. జబ్బున్నవాళ్ళు ఉపవాసం తర్వాత ఉండొచ్చని ఖురాన్ 2:185 చెప్తుంది. క్యాథలిక్ చర్చి ఉపవాస నియమం 18 ఏళ్ళలోపు వాళ్ళకి, 60లో పడ్డవాళ్ళకి వర్తించదు, జబ్బున్నవాళ్ళకీ మినహాయింపే. యూదులకైతే ప్రాణం కాపాడుకోవడమే ఉపవాసం కన్నా ముందు. కాకపోతే పెద్దల్ని అడిగేటప్పుడు సగమే చెప్పి అడుగుతారు మనవాళ్ళు, "కొంచెం నీరసంగా ఉందండీ" అంటే ఆయన మాత్రం ఏం చెప్తారు, ఓర్చుకోమ్మా అంటారు. వాంతుల సంగతి, పీరియడ్స్ ఆగిన సంగతి చెప్పి అడగండి.

అపోహ: "ప్రార్థన చేసుకుంటే చాలు, డాక్టర్ దాకా వెళ్తే విశ్వాసం లేనట్టే."

వాస్తవం: ప్రార్థన ఆపమని నేను ఎవరికీ చెప్పను, ప్లేటు ముందు కూర్చోగలగడానికే ప్రార్థన చేసుకునే పేషెంట్లు ఉన్నారు నాకు. కానీ మాటిమాటికీ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది, దానికి ఆసుపత్రే కావాలి. బులీమియాకి, బింజ్ ఈటింగ్‌కి సీబీటీ అనే థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది, టీనేజ్ పిల్లల అనోరెక్సియాలో అయితే కొన్నాళ్ళు తిండి బాధ్యత తల్లిదండ్రులే తీసుకునే ఫ్యామిలీ థెరపీ మొదటి ట్రీట్‌మెంట్. ఇంకొకటి, చాలా రోజులు తినని మనిషికి ఇంట్లో ఒక్కసారిగా కడుపునిండా పెట్టేయొద్దు, రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు, డాక్టర్ చూస్తుండగా మొదలుపెట్టాలి.

ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే అనే మాట ఒకటుంది, "దేవుడిచ్చిన శరీరాన్ని పాడుచేసుకుంటున్నావ్" అని. దయచేసి అనొద్దు, తిన్నా పాపమే తినకపోయినా పాపమే అన్న చోట ఇరుక్కుపోతారు. "తినేటప్పుడు భయపడుతున్నట్టున్నావ్, డాక్టర్‌తో మాట్లాడదాం, నేనూ వస్తా" చాలు.

కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉన్నా, వాంతిలో రక్తం పడినా, నీళ్ళు కూడా మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆరోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మిగతావాళ్ళు ముందు మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్ళినా పర్లేదు, పల్స్, పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ, ఈసీజీ, ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో పొటాషియం లాంటి లవణాలు) చూడమని అడగండి. రిపోర్టులు నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. విరేచనాల మాత్రలు వాడుతుంటే దాచొద్దు, రాబోయే ఉపవాసాల తేదీలు కూడా మొదటి విజిట్‌లోనే చెప్పేయండి.